నీరు పల్లమెరుగు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండి. ఆ మైకు కాస్త దగ్గరికి జరపండి బాబూ. వెనక వరసలో వినపడుతోందా? సరే.

నాకిచ్చిన కాగితంలో విషయం చాలా పెద్దగా రాశారు. సంప్రదాయ జ్ఞానం, సజీవ వారసత్వం, పర్యావరణ సుస్థిరత. మూడూ బరువైన మాటలే. నేను ముప్ఫయ్యారేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి. ఇప్పటికీ నా ఎకరంన్నర నేనే చేసుకుంటున్నాను. అంత బరువు మొయ్యలేను గానీ, మా గోదావరి లంకలో ఈ మూడింటికీ కలిపి ఒకటే ప్రశ్న ఉండేది. అది చెబుతాను. "నీళ్ళు ఎటు పోతాయిరా?"

ఎవరైనా వచ్చి, "తాతా, ఇల్లు కట్టుకుంటున్నాను" అంటే మా తాత నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. ఎంతవుతుంది, సింహద్వారం ఎటు, ముహూర్తం ఎప్పుడు, ఇవన్నీ దాని తర్వాత. తోట వేస్తానన్నా అదే, చేను కొంటానన్నా అదే. పిల్లనిస్తామని సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు కూడా పెళ్ళికొడుకు ఊరి మురుగు ఎటు దిగుతుందని అడిగాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని సామెత ఉంది కదండీ. కొండ వార ఊళ్ళవాళ్ళకి ఆ సామెత బాగానే ఉంటుంది. మన దగ్గర పల్లం ఎక్కడుంది? ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా నేల అంతా అరచెయ్యిలా ఉంటుంది. కంటికి ఆనే వాలు లేదు. రెండంగుళాల మెరక ఉన్నవాడి చేను పండుతుంది, రెండంగుళాల పల్లంలో ఉన్నవాడి చేను కుళ్ళుతుంది. ఆ రెండంగుళాలు ఎక్కడున్నాయో బడికెళ్ళని మనుషులకి తెలుసు. ఎలా తెలుసు అన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది.

మా పాత ఇల్లు మండువా లోగిలి. మీలో చాలామంది సినిమాల్లో చూసి ఉంటారు, అందులో కొబ్బరాకు పందిరి, పెళ్ళి పాట. (నవ్వులు) దాని అరుగు ఎత్తు మాత్రం సినిమాలో చూపించరు. మా అరుగుకి ఏడు మెట్లు. చిన్నప్పుడు ఇంత ఎత్తు ఎందుకు కట్టారా, బంతి కింద పడితే ప్రతిసారీ దిగాలని విసుక్కునేవాణ్ణి. 1986 ఆగస్టులో అర్థమైంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఏడు మెట్లూ మునిగి, సాలలోకి వచ్చి, స్తంభానికి గీత పెట్టి వెళ్ళింది. ఆ గీత మీద మేం ఇప్పటికీ సున్నం వెయ్యం.

ఆ వరదకి ముందు మా నాయనమ్మ ఏం చేసేదో చెబుతాను. రేడియోలో భద్రాచలం నీటిమట్టం చెప్పేవారు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆవిడకి అడుగులు, క్యూసెక్కులు తెలియవు. ఆవిడకి మెట్లు తెలుసు. భద్రాచలంలో ఇంత అంటే మర్నాటికి మన ఇంటి దగ్గర ఎన్నో మెట్టు అనేది ఏళ్ళ తరబడి చూసి చూసి లెక్క కట్టుకుంది. నలభై మూడు అంటే రేవులో పడవ తాడు మార్చి కట్టమనేది. నలభై ఎనిమిది అంటే దూడల్ని గట్టు మీదికి తోలించేది. యాభై మూడు అనగానే విత్తనాల బస్తా, ఊరగాయ జాడీలు అటక ఎక్కేవి. ఊరగాయ ఎందుకంటారా? వరద తీసేదాకా పొయ్యి వెలగదు, కూర ఉండదు. గంజన్నంలోకి అదొక్కటే దిక్కు. తర్వాత ఏటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంటకోసారి వెళ్ళి ఎన్ని వేళ్ళు పెరిగిందో చూసి వచ్చేది. ప్రభుత్వం చెప్పిన అంకెని ఇంటి మెట్టుతో కలిపి చదువుకోవడం అన్నమాట. దాన్ని సంప్రదాయం అనాలో, ఆధునికం అనాలో నాకు తెలియదు. రేడియో లేనప్పుడు ఆవిడ అత్తగారు ఇంకేదో చూసేదేమో. పాత పద్ధతి అంటే కదలకుండా కూర్చున్నదని మనం అనుకుంటాం గానీ, అది ఎప్పుడూ చేతికందిన కొత్తదాన్ని కలుపుకుంటూనే ఉంది.

2022 జులైలో మళ్ళీ మూడో హెచ్చరిక వచ్చింది కదా. మా పాత ఇంటికి ఐదో మెట్టు దాకా వచ్చి ఆగింది. పక్కనే మా తమ్ముడి కొడుకు డాబా. పాలరాయి పరిచాడు, లోపల ఎల్‌ఈడీ దీపాలు. పునాది మటుకు రోడ్డు ఎత్తు చూసుకుని కట్టాడు, ఏటి ఎత్తు చూడలేదు. సోఫాలు తేలాయి. వాడు వాళ్ళావిడతో, పిల్లలతో మా అటక మీద నాలుగు రాత్రులు పడుకున్నాడు. వాణ్ణి నేనేం అనలేదు. స్థలం చూసుకున్న రోజున నేనూ పక్కనే ఉన్నాను. నీళ్ళు ఎటు పోతాయని నేను మాత్రం అడిగానా?

సరే, ఇక అసలు సంగతికి వస్తాను.

కాటన్ దొర గురించి మీకు చెప్పక్కర్లేదు. 1847లో మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా ఏటికి అడ్డం కట్టారు. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. అంతకు ముందు పదిహేనేళ్ళకే డొక్కల కరువు చూసిన నేల ఇది. ఆ నేల పది లక్షల ఎకరాలకి నీరందే అన్నపూర్ణ అయిందంటే మామూలు విషయం కాదు. ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే.

కానీ నీరు రావడం సగం కథ. వచ్చిన నీరు పోవాలి కదా! కాలువకి పండగ చేస్తాం, మురుగుకి ఎవడు చేస్తాడు? 1960ల్లో కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు మీద మిత్రా కమిటీ వేశారు. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. మా నాన్న ఆ సెస్సు కట్టిన రసీదులు మేకుకి గుచ్చి పెట్టుకునేవాడు. అంటే ఇబ్బంది ఇవాళ్టిది కాదు. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలపు వరి, వెయ్యం అని పంట విరామం ప్రకటించారు చూడండి, దేశమంతా ఆశ్చర్యపోయింది. ధర, కూలి, అవన్నీ ఉన్నాయి. మురుగు దిగని చేలో మదుపు పెట్టి మూడేళ్ళకోసారి ముంచుకోవడం కూడా ఆ కారణాల్లో ఒకటి.

మా ఊరి మురుగు కాలువ వెళ్ళి ఏటి పాయలో కలుస్తుంది. కలిసే చోట తూము, దానికి తలుపులు. సముద్రం దగ్గర కాబట్టి ఏట్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు మీద ఏటి నీరే మా కాలువలోకి తంతుంది, అది ఉప్పునీరు. పాటు మీద మాత్రమే మన నీరు బయటికి దిగుతుంది. పాటు ఉన్న ఆ కొన్ని గంటల్లో ఎంత దిగితే అంతే. అందుకని, ఎప్పుడు పాటు వస్తుందో తెలియాలి. లోపలి చేల గళ్ళు, అంటే గట్లకి నీరు దిగే గండ్లు, దానికి ముందే తెగ్గొట్టుకుని, నీటిని తూము దాకా తెచ్చి నిలబెట్టుకోవాలి.

మా తాతకి గడియారం లేదు. తిథి ఉంది. "పోటు రోజుకి రెండు ఘడియలు వెనక్కి జరుగుతుందిరా" అనేవాడు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండంటే నలభై ఎనిమిది. నేను బీఎస్సీలో చేరాక తెలిసింది, చంద్రుడు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడని. తాత లెక్కకి రెండు నిమిషాలు తేడా! అదీ అష్టమి దగ్గర జరుగుడు ఇంకాస్త ఎక్కువ ఉంటుందని ఆయనే చెప్పేవాడు. పున్నమికి, అమావాస్యకి పోటు పెద్దది, పాటు కూడా బాగా లోతుకి తీస్తుంది. అష్టమికి రెండూ నీరసం. కాబట్టి పున్నమి దాటిన రెండు మూడు రోజుల్లో చేలో నీరు దించుకోకపోతే మళ్ళీ అమావాస్య దాకా నిలబడాల్సిందే అని ఊరంతటికీ తెలుసు. పంచాంగం మంగళవారం పెళ్ళికి పనికిరాదని చెప్పే పుస్తకం అనుకుంటాం మనం. మా తాతకి అది డ్రెయినేజీ మాన్యువల్. (నవ్వులు)

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. తాత, తాత అంటున్నాను కదా, తాత గట్టు మీద నిలబడేవాడు. తెల్లవారుజామున పీకల్లోతు నీళ్ళలో దిగి, తూము తలుపుకి పట్టిన గుర్రపుడెక్క లాగి, అడుగున ఇరుక్కున్న మొద్దు కాలితో తడిమి తీసిన మనిషి పేట నుంచి వచ్చేవాడు. నీరు కాలికి ఎంత వేగంగా తగిలితే తలుపు ఎంత తెరుచుకుందో ఆయనకి తెలిసినట్టు తాతకి తెలియదు. ఆ పేట ఊరికంతటికీ పల్లంలో ఉండేది. ఊరి నీరు దించిన మనిషి ఇల్లే ముందు మునిగేది. పాత జ్ఞానం గురించి మాట్లాడేటప్పుడు మనం పాత వ్యవస్థని కూడా కలిపి దండ వేసేస్తుంటాం. నాకు ఆ దండ వెయ్యాలని లేదు. ఆయన కొడుకు ఇవాళ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, పిల్లలు ఇంజినీరింగు చదువుతున్నారు. చాలా మంచి పని జరిగింది. కాకపోతే ఆ కాలికి తెలిసినది ఎవరూ రాసుకోలేదు. డబ్బిచ్చి, గౌరవమిచ్చి నేర్చుకుని ఉండాల్సింది మనం.

ఆ మధ్య ఆ తూము పాతదైపోయిందని కొత్తది కట్టారు. కట్టినవారి పేరు అనవసరం. కొలతలన్నీ కాగితం మీద సరిగ్గానే ఉన్నాయట. తూము అడుగు మాత్రం కాలువ అడుగు కంటే జానెడు పైకి వచ్చింది. జానెడండీ! కాలువలో జానెడు లోతు నీరు ఇక ఎప్పటికీ దిగదు. దాని వెనకాల పూడిక, పూడిక మీద తూడు, తూడు మీద గుర్రపుడెక్క. రెండేళ్ళలో కాలువ పచ్చటి మైదానంలా తయారైంది, మేక దిగితే మునిగిపోతుంది. పైన ఇటూ అటూ రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల వాళ్ళని ఒక్క మాటతో తిట్టెయ్యడం నాకిష్టం లేదు. వరి మీద బతకలేకే చాలామంది అటు వెళ్ళారు. అయినా చెరువు గట్టు వేసేటప్పుడు మురుగు బోదెని కలిపేసుకున్నవాణ్ణి ఏమనాలి?

ఇంకో సంగతి. దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, నీళ్ళందని శివారు చేలు ఉంటాయి. అక్కడ సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే మినుములో పెసలో చల్లేస్తారు. దుక్కి లేదు, తడి లేదు. వరి పోతూ పోతూ వదిలిన తేమ మీద, మంచు మీద ఆ పంట వచ్చేస్తుంది. పప్పుజాతి కాబట్టి వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టి నేలకి పెట్టి వెళుతుంది. ఇదంతా మీ పుస్తకంలో ఉంటుంది. ఎప్పుడు చల్లాలన్నది మాత్రం మా అమ్మ మడమతో చూసేది. చేలోకి దిగి మడమ నొక్కితే గుంట పడాలి, ఆ గుంటలో నీరు ఊరకూడదు. ఊరితే గింజ కుళ్ళుతుంది, గుంటే పడకపోతే మొలవదు. అయితే ఈ పద్ధతి కొడవలి కోతకి పుట్టింది. ఇప్పుడు కోత మిషను దిగితే దాని చక్రాల కింద మొలక నలిగిపోతుంది. కాబట్టి కొందరు మిషను వెళ్ళాక చల్లుతున్నారు, అప్పటికి తేమ తగ్గిపోతోంది. మడమ చెప్పే మాట మారలేదు, అదను మారింది. దీనికి జవాబు నా దగ్గర లేదు. మీలో వ్యవసాయ శాస్త్రం చదివేవాళ్ళెవరైనా చూడాలి.

శాస్త్రం అంటే గుర్తొచ్చింది. మన పక్కనే మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉంది, 1925 నాటిది. అక్కడ పుట్టిందే స్వర్ణ, ఎంటీయూ 7029, 1982లో వచ్చింది. మీరు తిన్న అన్నంలో ఎంతో కొంత అదే ఉంటుంది. మంచి దిగుబడి, కానీ వారం పైన మునిగితే పోయేది. మామూలు వరి మునిగిపోగానే ఊపిరి కోసం పైకి సాగుతుంది. సాగడానికి దాచుకున్న పిండి అంతా ఖర్చు పెట్టేస్తుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండక పడిపోతుంది. ఒడిశాలో రైతుల దగ్గర పాతకాలం నుంచి ఉన్న ఒక నాటు వరికి వేరే తెలివి ఉంది. అది మునిగితే సాగదు, ఊపిరి బిగబట్టి పడుకుంటుంది. రెండు వారాలు గడిచాక నీరు తీస్తే లేస్తుంది. ఆ గుణాన్నిచ్చే జన్యువుని పట్టుకుని మన స్వర్ణలోకి తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్-1 అని విడుదల చేశారు. ఎవరో పేరు తెలియని రైతులు, పెద్దగా దిగుబడి రాని ఆ గింజని పారెయ్యకుండా తరతరాలు చల్లుకుంటూ వచ్చారు కాబట్టి శాస్త్రవేత్తకి అది దొరికింది. మన దగ్గర అక్కుళ్ళు, కృష్ణకాటుకలు లాంటి పాత వరి రకాలు ఏ ఇంట్లో మిగిలాయో ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు కోరంగి వైపు వెళదాం. ఒకప్పుడు పెద్ద రేవు అది. 1789లో, 1839లో వచ్చిన తుఫానులు దాన్ని తుడిచిపెట్టాయి. ఇవాళ అక్కడ మడ అడవి, 1978 నుంచి అభయారణ్యం. తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల. తిల్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు జాగ్రత్త. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే కళ్ళు పోయినంత పనవుతుంది. అక్కడ వేటకి వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోకుండా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని పడవ పెడతారు.

ఆ అడవిలో కొన్ని చోట్ల చెట్లు గుంపులు గుంపులుగా ఎండిపోయాయి. కొట్టేసుకున్నారని కొందరన్నారు, అదీ కొంత ఉంది. కానీ ఎండిన చోట నేల మధ్యలో తాంబాళంలా లోపలికి కుంగి ఉండేది. పెద్ద పోటుకి వచ్చిన నీరు తిరిగి వెళ్ళే దారి లేక అక్కడే నిలబడి, ఎండకి ఇగిరి, ఉప్పు పేరుకుపోయేది. మడ చెట్టు ఉప్పు తట్టుకుంటుంది గానీ, అంత ఉప్పు అదీ తట్టుకోలేదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు, అటవీశాఖ వాళ్ళు, అక్కడి ఊళ్ళవాళ్ళు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు మీద నీరు లోపలికి, పాటు మీద బయటికి. మొక్కలు నాటారు, బతికాయి. చూశారా, అడవికి కూడా మా తాత ప్రశ్నే!

ఆ అడవి ఉన్న చోట అల విరుగుతుందన్నది 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళని అడగాలి. వెయ్యి మందికి పైగా పోయారు ఆ ఒక్క తుఫానులో. నేను తెల్లారి బయటికి వచ్చి చూస్తే మా తోటలో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. అంతకంటే ఆ రాత్రి గురించి మాట్లాడలేను.

పై ఆనకట్టలు పెరిగాక ఏరు తెచ్చే ఒండ్రు కూడా తగ్గింది. 1970ల్లో ధవళేశ్వరం దగ్గర ఏటా 15 కోట్ల టన్నుల దాకా కొలిచారు, 1990ల్లో అది 6 కోట్ల లోపుకి పడిపోయింది. ఉప్పాడ వెళ్ళి చూస్తే సముద్రం ఒడ్డుని ఎలా కోసేస్తోందో కనపడుతుంది. మడమతో నేల చూసినవాళ్ళకి కూడా దీనికి మందు లేదు. అది పైనున్న మహారాష్ట్ర, తెలంగాణ దాకా వెళ్ళి మాట్లాడుకోవాల్సిన విషయం.

పులస గురించి ఏమీ చెప్పలేదని ఆ మూలనున్న బాబు మొహం అలా పెట్టాడు. (నవ్వులు) సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. ఎర్రనీరు దిగగానే, శ్రావణ భాద్రపదాల్లో, ఏటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలన్నారు, ఇప్పుడు ధర చూస్తే అది సామెతలా లేదు. ధవళేశ్వరం దాకా వచ్చి ఆగిపోతుంది, ఆ పైన దారి లేదు. కింద ఏరు సముద్రంలో కలిసే మొగలు పూడుకుపోతే ఆ మాత్రం రావడం కూడా కష్టం. చేపకి కూడా నీరు సముద్రంలోకి ఎలా దిగుతోందన్నదే ముఖ్యం మరి.

చివరగా ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట. మీలో సగం మంది కనుమ నాడు అక్కడే ఉంటారని తెలుసు. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, వస్తారు. 2023లో గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా అదే. ప్రభని ఎత్తుకుని పచ్చటి చేల మీదుగా వస్తారు, కౌశిక ఏట్లో దిగి నీళ్ళలోంచి మోసుకొస్తారు. చేను తొక్కితే రైతు ఏమీ అనడు, దేవుడు నడిచాడంటాడు. నేను ఏటా చూస్తూ ఒకటే అనుకుంటాను. ప్రభ వచ్చే దారికి అడ్డంగా గోడ కట్టే ధైర్యం ఎవడికైనా ఉంటుందా? ఆ దారిలో చెరువు తవ్వగలడా? దారి మీద ఏడాదికోసారి ఊరంతా నడుస్తుంది కాబట్టి దారి ఎక్కడుందో చిన్నపిల్లాడికీ తెలుసు. మా మురుగు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పమంటే మా ఊరి పిల్లల్లో ఒక్కడూ చెప్పలేకపోయాడు. నేనే ముప్ఫయ్యారేళ్ళు బళ్ళో ఉన్నాను, నేనూ ఒక్కసారీ వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళలేదు. బళ్ళో వర్షపాతం పటాలు గీయించాను గానీ.

అందుకని ఈ ఆదివారం వెళదామనుకుంటున్నాను. మొదటి గళ్ళ దగ్గర నుంచి తూము దాకా, కాలువ గట్టు మీదే నడక, రెండున్నర కిలోమీటర్లుంటుంది. ఆ పేట పెద్దాయన తమ్ముడు ఇంకా ఉన్నాడు, వస్తానన్నాడు, రోజు కూలి ఆయనకి నేనిస్తాను. మీలో వచ్చేవాళ్ళు పేర్లు మేడంగారికి ఇవ్వండి. ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడవాలి, చెప్పులు బురదలో ఉండిపోతాయి, సెల్‌ఫోను మీ ఇష్టం. ఇవాళ బుధవారం. పొద్దున్న ఏడింటికి మా తూము దగ్గర పాటు మొదలైంది, చూసే వచ్చాను. రోజుకి రెండు ఘడియలు. ఆదివారం ఎన్నింటికి అక్కడుండాలో మీరే లెక్క వేసుకోండి. తప్పు వేసినవాళ్ళు పోటులో దిగుతారు.